డబ్బా మీద పేరు

మధిర,
మంగళవారం.

మావారు శాంతికుమార్ గారికి,

ప్రభువు నామంలో మీ సంపూర్ణ చెప్పే వందనాలు. ఇక్కడ ఫ్లోరెన్స్ బాగుంది, ఇంటర్ రెండో ఏడాది తరగతులు మొదలయ్యాయి. అత్తమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. పర్ణశాల అవతల మీ హాస్టల్లో పిల్లలు, వాళ్లకు వండిపెట్టే మీరు క్షేమమని తలుస్తాను.

మీ ఉత్తరం అంది ఇరవై రోజులైంది. జవాబు రాయలేదని ముక్కు మీద కోపం తెచ్చుకోకండి. రెండు ఆదివారాలు మీరు గుట్టెక్కి సిగ్నల్ వెతుక్కుని ఫోన్ చేస్తే, నేను మేకల గురించీ కరెంటు గురించీ మాట్లాడి పెట్టేశాను. ఫోన్‌లో అయితే మీరు మధ్యలో అడ్డుపడతారు. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు.

ముందు మీరడిగినవి చెప్తాను. పెరట్లో వంకాయ నారు పోశాను. వంటింటి పైకప్పు కారడం లేదు. మీ తమ్ముడికి మీరు రాసిన చీటీ ఇచ్చాను. చదివి, "వదినా, అన్న గిట్ల రాసిండంటే నమ్మబుద్ధి అయితలేదు" అని కళ్లు తుడుచుకున్నాడు. ఆరేళ్ల పగ అండీ, గుమ్మంలోనే కరిగిపోయింది. తంబాకు మానేశానని కూడా రాశారు. నా ఇరవై ఏళ్ల పోరుకు కానిది ఒక్క రిపోర్టుకు అయింది, ఏం మనిషండీ మీరు!

ఇక పెద్ద సంగతి. చర్చిలో క్యాంపు పెట్టి డబ్బాల్లో తీసుకున్న పరీక్షలో, మీ విరేచనంలో కంటికి కనపడని రక్తం ఉందని నర్సు గ్రేస్ సిస్టర్ మీకు ఫోన్ చేసిందనీ, నేను బెంగపడతానని నాతో చెప్పొద్దని ఆమెతో ఒట్టేయించుకున్నారనీ రాశారు. ఒక్కరే భద్రాచలం పోయి, ఆ ఉప్పుమందు తాగి రోజంతా బాత్రూమ్‌కు పరుగెత్తి, గొట్టం వేసి పేగంతా చూపించుకున్నారు. లోపల ఏమీ లేదని తేలింది. మీరు తిన్నగా అక్కడి చర్చిలో నిలబడి, "నా రోగాన్ని ప్రభువు తీసేసిండు" అని సాక్ష్యం చెప్పారు. ఇప్పుడు మన ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడదాం, పాస్టర్ గారితో తేదీ మాట్లాడమని అడిగారు.

కూడిక వద్దండీ. ఎందుకో చెప్తాను, కూర్చుని చదవండి.

ఈస్టరుకు మీరు వచ్చినప్పుడు ఇంటింటికీ తిరిగి ఆ డబ్బాలు పంచింది నేనే కదా. యాభై డబ్బాలూ యాభై పేర్లతో తిరిగొస్తాయని గ్రేస్ సిస్టర్ ముందు గొప్పలు పోయాను. చివర్లో ఒకటి తక్కువైతే నాది ఆదెమ్మ పిన్నికిచ్చేశాను. నాకేం రోగం, గుండ్రాయిలా ఉన్నాను అనుకున్నాను. మీరేమో, "ఛీ, గిదేం పరీక్షే! నేను చెయ్య పో" అని మంచం కిందికి తన్నేశారు. సోమవారం పొద్దున్నే సిస్టర్ గుమ్మంలోకి వచ్చేసింది. ఊరందరికీ బుద్ధులు చెప్పి సొంత మొగుడి డబ్బా ఖాళీగా ఇవ్వడానికి నాకు తల కొట్టేసినట్టయింది. లోపలికి పోయి, మీ పేరున్న డబ్బాలో నాది పెట్టి ఇచ్చేశాను. ఆ తర్వాత ఆ సంగతే మర్చిపోయాను.

మీ ఉత్తరంలో "రక్తం ఆగిపోయింది" అన్న మాట చదివేసరికి ఆ డబ్బా గుర్తొచ్చింది. ఆ రక్తం మీది కాదండీ, నాది.

వెంటనే గ్రేస్ దగ్గరికి పోయాను. "ఏందక్కా, గింత పని చేసినవ్! నీ డబ్బా నీ పేరు మీద ఇస్తే అప్పుడే తెలుస్తుండె గదా" అని తిట్టి, నా కంటి రెప్ప కిందికి లాగి చూసింది. రెప్ప లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉందట. మెట్లెక్కితే ఆయాసం వస్తే నెలసరి ఆగే వయసు కదా అనుకున్నాను. నెలల తరబడి లోపల చుక్కచుక్కగా పోతోందని నాకేం తెలుసు?

గ్రేసే ఖమ్మం తీసుకుపోయింది. మీరు తాగిన ఉప్పుమందు నేనూ తాగాను. మీరు రాసింది తక్కువే, ఛండాలంగా ఉంది. పెద్దపేగులో కుడివైపు గడ్డ ఉంది. ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ అని వచ్చింది. డాక్టర్ మురళీకృష్ణ గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. మొదట పులిపిరంత కాయ పుడుతుందట, ఏళ్ల తరబడి ఊరకే ఉంటుందట. కొన్ని మాత్రం చెడ్డవిగా మారి పేగు గోడలోకి దిగుతాయి, ఆపైన పక్కనున్న గ్రంథులకు, కాలేయానికి పాకుతాయి. నాది గోడలోకి దిగింది. స్కానింగులో కాలేయం, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. గడ్డ ఉన్న పేగు ముక్క తీసేసి రెండు కొసలూ కలిపి కుడతారు. గ్రంథులకు పాకిందో లేదో అప్పుడే తెలుస్తుంది. పాకితే కొన్ని నెలలు కీమో. "నయమైతదా సార్?" అని అడిగాను. "ఈ దశలో చాలామందికి నయమైతదమ్మా, ఆలస్యం మాత్రం చెయ్యకు" అన్నారు. ఇది కుటుంబంలో వచ్చే అవకాశం ఉందని మా అక్కను కూడా చూపించుకోమన్నారు, ఫ్లోరెన్స్‌కు నలభై రాకముందే ఈ పరీక్షలు మొదలుపెట్టాలట.

సంఘం ముందు మీ సాక్ష్యాన్ని అబద్ధం చేశాను. ఆ మాటకు నేను రోజూ ఏడుస్తున్నాను. కోలుకున్నాక మీ చర్చికి వచ్చి, తప్పు నాదేనని నేనే నిలబడి చెప్తాను. కానీ మీ తమ్ముడితో కలిసిన మాటను వెనక్కి తీసుకోకండి. తంబాకు జోలికి పోయారో, కుట్లతోనైనా లేచి వస్తాను.

శనివారం చేరమన్నారు, సోమవారం ఆపరేషన్. ఫ్లోరెన్స్ ముందు, అత్తమ్మ ముందు ధైర్యంగా తిరుగుతున్నాను. నాకు చాలా భయంగా ఉందండీ. మీకొక్కరికే చెప్తున్నాను.

మీ హాస్టల్‌కు కూరగాయలు తెచ్చే చాంద్ పాషా చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను, రేపటికి అందుతుంది. కోపం వస్తుంది, రావాలి కూడా. ఎంత తిట్టాలో అంత తిట్టండి, కానీ నా మంచం పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకుని తిట్టండి. జవాబు రాయొద్దు. అదే బండెక్కి వచ్చెయ్యండి.

ఇట్లు,
మీ భార్య,
సంపూర్ణ