బావగారు ఎంచిన కంప్రెసర్

బావగారికి నమస్కారం.

ఫోనులో అయితే మీరు నన్ను మాట్లాడనివ్వరు కాబట్టి రాస్తున్నాను. నా రంగుల షెడ్డుకు మీరు ఎంచి పంపిన గాలి కంప్రెసర్ అందింది. చప్పుడు లేదు, చూడటానికి ముద్దుగా ఉంది. వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. వాళ్లలో కార్లకు రంగు వేసేవాడు ఒక్కడూ లేడు.

నేను అడిగింది పెద్ద ట్యాంకుది, గాలిలోని తడిని పట్టే ఫిల్టరుతో సహా. "గాలికి తడేమిట్రా పిచ్చోడా! షాపువాడు నిన్ను ముంచుతున్నాడు" అని నవ్వారు. పెద్దవారని ఎదురు చెప్పలేదు.

మొదట మీరు అమ్మబోయే కారుకే వేయమన్నారు, వేశాను. సగం తలుపు దాకా స్ప్రే గన్ను బాగానే కొట్టింది. తర్వాత గాలి చాలక ఆయాసపడింది. ట్యాంకు నిండేదాకా ఆగితే, వేసిన రంగు ఆరిపోయి మధ్యలో గీత పడింది. బానెట్ దగ్గరికొచ్చేసరికి గాలితోపాటు నీళ్లు చిమ్మి, రంగు మీదంతా పొక్కులు లేచాయి. అక్క చూసి, "పెళ్లిచూపులకొచ్చిన రోజు మీ బావ మొహం అచ్చం ఇలాగే ఉందిరా" అంది.

గురువారం ఈ కారు కొనడానికి వచ్చే ట్యాక్సీల ఓనరు, రంగు నచ్చితే తన బళ్లన్నీ నా షెడ్డుకే ఇస్తానన్నాడు. మీరు రేపే ఈ కంప్రెసర్ మార్చి పెద్దది, ఫిల్టరుతో పంపితే అంతా గీకి మళ్లీ వేస్తాను.

మార్చడం నామోషీ అనుకుంటే బలవంతం లేదు. ఆ ఓనరుకు ఉన్నమాటే చెబుతాను: రంగు నాది, గాలి మా బావగారిది.

మీ మాట జవదాటని
బావమరిది