బీరువాలో ఉన్న ఇరవై ట్యాబుల విడుదల గురించి

విద్యాశాఖ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఏడో తరగతి పిల్లల ట్యాబులున్న బీరువా తాళం తీయించుట గురించి.

బడి ఎదుట సెలూన్ నడుపుకొను నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. నా కుమార్తె ఏడో తరగతి. నత్తి కలదు. ఇంట్లో నన్నూ వాళ్ళమ్మనూ మాటల్లో ఓడించగలదు గానీ, క్లాసులో లేచి నిలబడితే మొదటి అక్షరం దగ్గరే బండి ఆగిపోవును. పిల్లలు నవ్వుదురు. అందుచేత తెలిసిన జవాబుకు కూడా తెలియదని తల ఊపి కూర్చునేది. లెక్కల్లో యాభైకి తొమ్మిది.

2. ట్యాబులు వచ్చిన తర్వాత లెక్కల టీచరమ్మ, జవాబు ఎలా వచ్చిందో అందులో మాట్లాడి రికార్డు చేయమన్నారు. మా అమ్మాయి మూల బెంచీలో కూర్చుని పదకొండుసార్లు చెప్పి, పదిసార్లు చెరిపినది. పదకొండోది టీచరమ్మ క్లాసంతటికీ వినిపించారు. సాయంత్రం షాపుకొచ్చి, "నాన్నా, అందరూ నా గొంతు విన్నారు. ఒక్కరూ నవ్వలేదు" అంది. కుర్చీలో సగం గడ్డంతో ఉన్న పెద్దమనిషి, "ఏమయ్యా, కత్తి ఆపేశావేం?" అనవలసి వచ్చినది. తదుపరి పరీక్షలో ముప్పై ఒకటి. చెయ్యెత్తుట కూడా ఆరంభించినది.

3. గత నెల ఒక ట్యాబు కిందపడి అద్దం పగిలినది. హెడ్ మేడమ్ గారు ఇరవైంటినీ బీరువాలో పెట్టి తాళం వేశారు. వెళ్ళి అడగగా, "రేపు జవాబు చెప్పుకోవాల్సింది నేనేనండీ. పైనుంచి ఆర్డరు తెండి, తీస్తాను" అన్నారు. ఆవిడ మంచావిడే, ఆ భయమే పాడుది. మా వృత్తిలోనూ కత్తి ఎప్పుడో ఒకప్పుడు గీరుకొనును. అంతమాత్రాన దువ్వెనతో గడ్డం గీయలేము కదా అయ్యా.

4. మూడు వారాలుగా పిల్ల మళ్ళీ తల ఊపుటకు దిగినది. నిన్న, "ఈరోజు క్లాసులో ఏం మాట్లాడావమ్మా?" అని అడిగితే, "ప్రెజెంట్ మేడమ్" అంది. రోజు మొత్తానికి అంతే.

కావున తమరు దయతలచి, తాళం తీయుటకు ఆర్డరు ఇప్పించవలెనని నా మొర. చిత్తగించి పుణ్యం కట్టుకొనగలరు.

తమ విధేయుడు,
ఏడో తరగతి అమ్మాయి తండ్రి

తా.క.: అయ్యా, తప్పులు దిద్దమని ఈ అర్జీ మా అమ్మాయికే ఇచ్చాను. మొత్తం చదివి, "నా సంగతి నువ్వు రాయడమేంటి నాన్నా, నేనే అడుగుతాను" అంది. ఈ ఉదయం తానే హెడ్ మేడమ్ గదికి వెళ్ళింది. నేను గుమ్మం బయటే ఉన్నాను. మొదటి మాట దగ్గర చాలాసేపు ఆగింది. ఆవిడ కలం పక్కన పెట్టి, తొందరపెట్టకుండా కూర్చున్నారు. చివరికి పిల్ల అంది కదా, "మేడమ్, పగిలింది ఒక్కటే. మిగతా పంతొమ్మిదీ ఏం తప్పు చేశాయి?"

ఆవిడ నవ్వాపుకోలేక లేచి బీరువా తెరిచారు. మధ్యాహ్నానికల్లా మా షాపులోకి వినబడేంత గోల చేశారు పిల్లలు.

ఇప్పుడు చిక్కల్లా ఏమిటంటే, ఆర్డరు లేకుండా తెరిచేశానే అని హెడ్ మేడమ్ కంగారుపడుతున్నారు. తమరు ఆ ఆర్డరేదో నిన్నటి తేదీ వేసి పంపించండి.