మరియం తర్జుమా

గురువారం, షాంటిలీ

కోపం ఇంకా తగ్గలేదు. ఎవరి మీదో కూడా తేల్చుకోలేకపోతున్నాను.

సాయంత్రం మా అమ్మాయి మేఘన వాళ్ల టీచర్‌ని కలవడానికి స్కూల్‌కి వెళ్లాను. నాకంటే ముందు మేఘన క్లాసులోని మరియం, వాళ్లమ్మ కూర్చున్నారు. అఫ్గానిస్తాన్ నుంచి శరణార్థులుగా వచ్చారు. చాలా ఏళ్లు కరాచీలో ఉండడంతో ఇంట్లో ఉర్దూయే మాట్లాడతారట. ఫోన్‌లో ఇంటర్‌ప్రిటర్ దొరకలేదు. "నువ్వే అమ్మకి చెప్పు" అంది టీచర్ ఆ ఫిఫ్త్ గ్రేడ్ పిల్లతో.

"మరియం ఎవరితోనూ మాట్లాడదు. లంచ్‌లో రోజూ ఒక్కతే కూర్చుంటుంది. నాకు బెంగగా ఉంది" అంది టీచర్ ఇంగ్లీషులో.

మరియం తల్లివైపు తిరిగి ఉర్దూలో చెప్పింది: "నాకు చాలామంది ఫ్రెండ్స్ ఉన్నారంట. లంచ్‌లో నా పక్కన కూర్చోవడానికి పోట్లాడుకుంటారంట."

హైదరాబాద్‌లో పెరిగినదాన్ని, ప్రతి మాటా అర్థమైంది. ఆ తల్లి మొహం నిండా నవ్వింది. టీచరూ నవ్వింది, పని అయిపోయిందనుకుని. పసిపిల్ల బాధని ఆ పిల్ల చేతే చెప్పించడమేమిటి? అంత పెద్ద స్కూల్లో ఒక్క పెద్దమనిషి దొరకలేదా?

వాళ్లు బయటికి వెళ్తుంటే "ఖుదా హాఫిజ్" అని వీడ్కోలు చెప్పాను, అంతే. నాకు ఉర్దూ వచ్చని తెలిసి ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"మీ పాపదీ ఇదే క్లాసా? శనివారం తననీ, మిగతా ఫ్రెండ్స్ అందర్నీ మా ఇంటికి పంపండి. పులావు చేస్తాను."

మరియం మొహం పాలిపోయింది. నాకంతా అర్థమైందని దానికి తెలిసిపోయింది.

పంపుతానన్నాను.

ఇంటికొచ్చి చెబితే మేఘన, "అమ్మా, తను అసలు మాట్లాడదు. నేను వెళ్తే వియర్డ్‌గా ఉంటది" అంది. గట్టిగా అరిచాను. ఏడుస్తూ పడుకుంది.

శనివారం ఆవిడ క్లాసంతటికీ సరిపడా వండుతుంది. వెళ్లేది మేఘన ఒక్కతే, అదీ నేను తిట్టానని.