హద్దు మీద ఆగిన యాభై

బిలాస్‌పూర్

అక్కకు నీ చెల్లెలు సుజాత నమస్కారాలు. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? బావగారూ పిల్లలూ బాగున్నారా? ఎండలు మండిపోతున్నాయి గాని కూలరు కొనుక్కున్నాను, దిగులు పడొద్దు. ఆదివారాలే కాస్త బెంగగా ఉంటుంది. ఎవరైనా ఇటు వస్తుంటే అమ్మ కొట్టిన చారుపొడి పంపించు.

లెక్కల టీచరువి కాబట్టి ఈ సంగతి నీకే రాయాలి. నెహ్రూ నగర్‌లో నేను అద్దెకుంటున్న ఇంటివారు శ్రీకాకుళం వైపు వాళ్లే. తాతల నాడే రైల్వే పనికి వచ్చేశారు. ఇంటాయన షెడ్డులో ఫిట్టరు. కూతురు గౌరి నర్సింగు మొదటి ఏడాది పరీక్షలో తప్పింది. "ఇంక సదువు సాలు. కోటా ఊర్లో మావయ్య కొట్లో కూకో" అనేశాడు తండ్రి. గౌరి అన్నం మానేసింది.

వాళ్లమ్మ నా దగ్గరికొచ్చింది. "ఏటమ్మా ఇది? యాబైకి పాసన్నారు. మా పిల్లకి యాబై వస్తే ఫెయిలంటారేటి? అడిగితే, కంప్యూటర్ చెప్పిందే ఖాయమంట!"

ఆ ఫలితాలు తయారుచేసింది మా కంప్యూటర్ ఆఫీసే. మర్నాడు వెళ్లగానే మా సర్ రాసిన ప్రోగ్రామ్ తెరిచాను. అది అంకెల వరుసల్ని ఒక్కసారే లెక్కించే భాషలో ఉంది అక్కా. క్లాసు మార్కులన్నీ ఒక్కసారే ఇస్తే, ఏ మార్కు ఏ అంతరంలో పడుతుందో ఒక్క గుర్తుతో చెప్పేస్తుంది. నువ్వు బడిలో చెప్పే తరగతి అంతరాల్లాంటివే. హద్దులు యాభై, అరవై, డెబ్బై ఐదు. యాభై ఒకటి ఇచ్చాను, ఒకటి అంది, అంటే పాసు. నలభై తొమ్మిదికి సున్నా. యాభైకీ సున్నాయే! అప్పుడు అర్థమైంది. అది లెక్కపెట్టేది మార్కు కంటే చిన్నవైన హద్దుల్ని. యాభై కంటే యాభై చిన్నది కాదు కదా. అరవై వచ్చినవాళ్లకూ ఫస్టు క్లాసు పోయింది.

సర్‌కు చూపించాను. "అరే, హద్దు నలభై తొమ్మిది చేసెయ్, బాత్ ఖతమ్" అన్నారు.

"వాళ్లు అర మార్కులు కూడా వేస్తారు సర్. నలభై తొమ్మిదిన్నర వచ్చినవాళ్లు పాసైపోతారు."

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "అచ్ఛా, మరేం చేద్దాం?"

ప్రతి మార్కునూ ప్రతి హద్దుతో పోల్చమన్నాను. సమానమైనా, ఎక్కువైనా ఒకటి, లేకపోతే సున్నా. ఆ ఒకట్లు కూడితే చాలు. ఒక్క పంక్తిలో సరిపోయింది. యాభైకి ఒకటి వచ్చింది. సర్ వెంటనే నర్సింగు స్కూలుకు ఫోన్ చేసి, "పొరపాటు మాదే, కొత్త ఫలితాలు పంపుతున్నాం" అన్నారు. ఆ మాటతో ఆయన మీద గౌరవం పెరిగింది.

సాయంత్రం గౌరి తండ్రి డ్యూటీ నుంచి వచ్చేసరికి నేను వాకిట్లోనే ఉన్నాను. సంగతంతా విని, నూనె చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "రెండో ఏడు పుస్తకాలెక్కడ దొరుకుతాయమ్మా?" అని అడిగాడు. లోపల గౌరి ఏడవడం మొదలుపెట్టింది. ఈసారి వాళ్లమ్మ ఓదార్చలేదు, కంచం పెట్టింది.

అమ్మకూ నాన్నకూ నా దండాలు చెప్పు. వాళ్ల దీవెన నా మీద ఉండాలి. ఇక్కడ పని నాకు పట్టుబడిందని, భయం లేదని చెప్పు. పిల్లలకు ముద్దులు.

నీ చెల్లెలు,
సుజాత