నీళ్ళు పెట్టమన్నాను

హనుమాన్ జంక్షన్,
మంగళవారం

బాబాయికి, నువ్వు ఫోను ఎత్తడం లేదని కార్డు రాస్తున్నాను. నేను బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను.

గ్రీన్ పోయింది. బంతి దొర్లి గుంటలో పడే చోట ఉండే పొట్టి గడ్డి అంతా కాలవ నీళ్ళు నిలిచి కుళ్ళిపోయింది. కొత్తది నాటితే రెండు నెలలకి గాని కుదురుకోదు. పిల్లల గోల్ఫ్ పోటీలేమో మూడు వారాల్లో మొదలు. నా దగ్గర నేర్చుకునే పిల్లల్లో ఆరుగురు అప్పుడే మానేశారు. జుబియా మాత్రం రోజూ వచ్చి సిమెంటు గచ్చు మీదే ప్రాక్టీసు చేస్తోంది. ఈ సీజన్ పోతే పద్నాలుగేళ్ళ లోపు జట్టుకి దాని వయసు దాటిపోతుంది. అది నా మొహం చూడడం లేదు.

ఆ రోజు పిల్లలందరి ముందూ "నీకు వరి తప్ప ఇంకేం తెలుసు?" అని నీ మీద అరిచాను. నువ్వు "పెట్టమన్నావు కదమ్మా" అని, కాళ్ళు కడుక్కుని బస్సెక్కేశావు.

పిన్ని మోకాలికి సూది వేయించావా? నీ కళ్ళజోడు ఇక్కడే ఉండిపోయింది, ఈ కార్డు పిన్నే చదవాలి. పిన్నీ, ఇక్కణ్ణించి కాస్త గట్టిగా చదువు. మీటింగని నాలుగు రోజులు బెజవాడ వెళ్తూ నేను బాబాయితో "గడ్డికి నీళ్ళు పెట్టు" అన్నాను. చల్లమనలేదు. ఆయన గట్టు వేసి, మడికి పెట్టినట్టే పెట్టాడు. తప్పు నా మాటది.

పిల్లలకి మాత్రం ఇంకా చెప్పలేదు.

సింధూరి