మట్టి మీద నిషేధం

వన్‌టౌన్, సోమవారం

ప్రియమైన చెల్లి జయమణికి,

వందనాలు. ప్రభువు పేరున కాదు, మామూలువే. నువ్వు నా ఫోన్ ఎత్తవు. పెద్దన్నయ్య గుమ్మం నేను తొక్కను. కనుక ఉత్తరం.

నిన్న యూనియన్ హాల్లో జపాన్ సినిమా వేశాం. గ్రీకుల పాత విషాద నాటకాన్ని వాళ్ల కోటల కాలంలోకి దించారు. తిరగబడ్డవాడి శవాన్ని ఎవరూ పూడ్చకూడదని ప్రభువు ఆజ్ఞ. గుర్రాలు, జెండాలు, తగలబడే కోట, అన్నీ ఉన్నాయి. కానీ నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది ఒక్క ఘట్టం. చెల్లెలు శవం పడున్న ఏటి ఒడ్డుకొచ్చి అన్న మీద పిడికెడు మట్టి వేస్తుంది. సంగీతం లేదు, ఏడుపు లేదు. గాలికి ఆ మట్టి ఎగిరిపోతుంది. మళ్లీ వంగుతుంది, మళ్లీ వేస్తుంది. ధిక్కారమంటే అదీ! మనవాళ్లయితే అక్కడ నాలుగు పేజీల డైలాగు పెట్టి చంపేవాళ్లు.

వచ్చే ఆదివారం సాయంత్రం దాని మీద చర్చ. నేను మాట్లాడుతున్నాను. నువ్వూ రా. ఆడవాళ్లు మాట్లాడాలి.

నీ చిన్నన్నయ్య,
జ్ఞానదాసు

గాజువాక, బుధవారం

ప్రియమైన చిన్నన్నయ్యకి,

ప్రభువు పేరునే వందనాలు. నీ సినిమా ప్రభువు కాదులే.

భీమిలి నుంచి వచ్చి పెద్దన్నయ్య దగ్గరే ఉన్నాను. ఆయన ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. రోజుల మాటే.

సమ్మెలో ఆయన గేటు దాటి పనిలోకి వెళ్లాడని నువ్వే తీర్మానం రాశావు: కార్మికులెవరూ నతానియేల్ ఇంట మంచికీ చెడ్డకీ వెళ్లరాదని. వదిన ఆపరేషన్ కోసం వెళ్లాడని నీకు తెలుసు. వదిన పోయింది, సమ్మె ముగిసింది, తీర్మానం మాత్రం బతికే ఉంది. శవప్పెట్టె మొయ్యడానికి వస్తావా అని మీ యూనియన్ కామరాజుని అడిగాను. "దాసన్న ఒప్పుకుంటే వత్తానమ్మా" అని తల దించుకున్నాడు.

నిన్న అన్నయ్య అడిగాడు: "ఒలే మణీ, దాసుగాడు నాకు మట్టేత్తాడేటే?"

ఏం చెప్పమంటావు?

జవాబుకి ఎదురుచూసే
మణి

వన్‌టౌన్, శుక్రవారం

ప్రియమైన మణికి,

కళను ఇంటి గొడవల్లోకి ఈడ్చకు. ఆ ఆజ్ఞ కత్తి పట్టినవాడిది. మాది ఆకలితో ఉన్నవాళ్ల మాట. రెండూ ఒకటేనా? మేం గేటు బయట ఎండలో కూర్చుంటే అన్నయ్య లోపల టీ తాగాడు. ఆ సమ్మెలో ఉద్యోగం పోయిన కామరాజు ఇప్పుడు ఆటో తోలుతున్నాడు. అతనింట్లో జబ్బులు లేవా? చావొస్తే చేసిందంతా కడుక్కుపోతుందనేది మీ చర్చి బోధ, నాది కాదు. నా అన్నకి సడలిస్తే రేపు ఎవడి బావమరిదికి సడలించాలి?

గంజి వేడిగా ఉంటేనే తాగుతాడు. చల్లారనివ్వకు.

జ్ఞానదాసు

గాజువాక, సోమవారం

ప్రియమైన చిన్నన్నయ్యకి,

శనివారం పెద్దన్నయ్య ప్రభువునందు నిద్రించాడు. నిన్న పొద్దున్న సమాధుల తోటకి తీసుకెళ్లాం.

వాడలో మగవాళ్లంతా గుమ్మాల్లోనే నిలబడిపోయారు. హార్బర్ నుంచి చేపలు తెచ్చే అసిరమ్మ గంప దించి, ఆ తీర్మానంలో ఏముందని అడిగింది. చెప్పాను. "కార్మికులనుందా? మమ్మల్నెప్పుడు కార్మికులన్నారమ్మా? గంపలు మోసినోలం, పెట్టి మొయ్యలేమేటి?" అంది. నిరుడు వాళ్లు యూనియన్ సభ్యత్వం అడిగితే నవ్వి పంపేశావట. ఆడవాళ్లమే మోశాం. నీ తీర్మానంలో అక్షరం కూడా మీరలేదు.

సాయంత్రం నీ చర్చకి వచ్చి చివరి వరసలో కూర్చున్నాను. నా చెప్పులకి ఆ మట్టి ఇంకా ఉంది. పిడికెడు మట్టిని ఆపగల అధికారం భూమ్మీద లేదన్నావు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను, మాట బాగుంది. కబురు తెలిసి మాట్లాడావో, తెలియక మాట్లాడావో అడగను.

సమాధి కట్టడానికి మేస్త్రి వస్తే వెనక్కి పంపేశాను. పోయేముందు అన్నయ్య నా చెయ్యి పట్టుకుని చెప్పాడు: "దాసుగాడొచ్చి మట్టేసీదాకా సిమెంటు ఎయ్యనీకే. ఆడొత్తాడు."

తుపాను హెచ్చరిక వేశారు. హార్బర్‌లోకి పడవలన్నీ తిరిగొచ్చేశాయి. వాన పడితే మట్టి కుంగిపోతుంది. ఎన్నాళ్లు ఆపగలనో తెలీదు.

మణి

సమాధుల తోట, గురువారం

ప్రియమైన మణికి,

తోట గేటు దగ్గర అసిరమ్మ కనిపించింది, ఈ చీటీ ఆమె చేతికిస్తున్నాను. నన్ను చూసి, "ఇప్పుడా రావడం, బాబూ?" అంది.

తీర్మానం సంగతి కమిటీలో తేల్చుకుంటాను. అక్కడ నాతో నేనే పోట్లాడాలి.

రాత్రి గాలికి కొయ్య సిలువలు పడిపోయినట్టున్నాయి. పచ్చి మట్టి దిబ్బలు రెండున్నాయి. ఏది మనవాడిదో తెలియలేదు. రెండింటి మీదా వేశాను.

ఫోన్ ఎత్తు. ఏది మనవాడిదో చెప్పు.

దాసు