అక్క చీరలతో మూడు బొంతలు

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఆరు నెలల కింద నీ కూతురు శిరీషకు కొడుకు పుట్టాడు. వాడికి నీ చీరలతో బొంత కుట్టాలని వాటిని మూటగట్టి, ధారూర్ నుంచి రైల్లో తాండూరుకు తెచ్చుకున్నాను. నువ్వుండగా ఇంట్లో బొంతలన్నీ నువ్వే కుట్టేదానివి, నేను సూది పట్టిందే లేదు.

మొదటి బొంతకు మూడు నెలలు పట్టింది. చీరల పొరలు జరిగిపోయి, కుట్లన్నీ వంకరపోయాయి. శిరీష చూసి, "ఏం ఫికర్ లేదు చిన్నమ్మా, కింద పరుస్త" అన్నది. రెండోసారి పొరలు కదలకుండా ముందే దూరం దూరంగా కుట్లు వేసుకున్నాను. అది నెలన్నరలో అయింది. మూడోది ఇరవై రోజుల్లో కుట్టేశాను. ఎక్కడా విప్పి మళ్లీ కుట్టింది లేదు.

పొద్దున దాన్ని ఇస్తే, శిరీష కుట్ల మీద చాలాసేపు చెయ్యి నిమిరింది.

"గిది అమ్మ కుట్టిందా చిన్నమ్మా? గిన్ని దినాలు ఎక్కడ దాచినవ్?"

"కాదు బిడ్డా, నేనే కుట్టిన."

శిరీష కళ్లు తుడుచుకుని, "అమ్మ చీరలతోని నాకు గూడ ఒకటి కుట్టవా?" అని అడిగింది.

నీ చీరలు అయిపోయాయని చెప్పడానికి నాకు నోరు రాలేదక్కా. "కుడత తియ్యి" అన్నాను.